టీకా సీసాలో నూనె వాటా

కోళ్ల ఫ్లూకు వాడే కిల్డ్ వ్యాక్సిన్ సీసాను వెలుతురుకు పట్టి చూస్తే లోపలి ద్రవం తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది. ఆ తెలుపు వైరస్‌ది కాదు. మినరల్ నూనెలో కంటికి ఆనని నీటిబొట్లు లెక్కలేనన్ని చెదిరి ఉండటంతో వచ్చిన రంగది. కోళ్ల టీకాల్లో విస్తృతంగా వాడే ఫ్రెంచి నూనె మిశ్రమం మోంటనైడ్ ఐఎస్ఏ 70ని కలిపే లెక్క చూస్తే సీసాలో 70 పాళ్లు నూనె, 30 పాళ్లు నీరు. వైరస్ ఉండేది ఆ 30 పాళ్లలోనే. అందులోనూ ఒక కోడికి వేసే డోసులో పని చేసే ప్రొటీన్ కొన్ని మైక్రోగ్రాములకు మించదు.

పక్షుల ఫ్లూ టీకా అనగానే చర్చంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: దాన్ని ఏ వైరస్‌తో చేశారు, ఇప్పుడు షెడ్లలో తిరుగుతున్న వైరస్‌తో అది కలుస్తుందా? అడగవలసిన ప్రశ్నే. ఈ స్మారకోపన్యాసం మాత్రం తక్కువమంది అడిగే రెండో ప్రశ్నను తీసుకుంటోంది. ఆ వైరస్‌ను దేనిలో కలిపారు, ఏ దారిన పక్షి ఒంట్లోకి పంపారు? అదే యాంటీజెన్‌ను, అంటే ఒళ్లు గుర్తుపట్టే వైరస్ ప్రొటీన్‌ను, ఉత్త నీళ్లలో ఎక్కిస్తే కోడి ఒళ్లు ఒకలా స్పందిస్తుంది, నూనెలో ఎక్కిస్తే ఇంకోలా, మరో వైరస్ మీదెక్కించి పంపితే వేరేలా. టీకా వేసిన కోడి బతుకుతుందా అన్నదే కాదు, బతికిన కోడి పక్క కోడికి రోగం అంటిస్తుందా అన్నది కూడా చాలావరకు ఈ కూర్పు మీదే ఆధారపడి ఉంటుంది.

తెలుగువారి సభలో ఈ మాట ఎత్తడానికి గట్టి కారణమే ఉంది. 2023-24 కేంద్ర పశుగణాంకాల ప్రకారం దేశంలోని గుడ్లలో 17.85 శాతం ఆంధ్రప్రదేశ్‌వి, 12.88 శాతం తెలంగాణవి. అంటే దేశం తినే ప్రతి పది గుడ్లలో మూడు మన రెండు రాష్ట్రాల షెడ్ల నుంచే వెళ్తున్నాయి. వెంకటేశ్వర హేచరీస్‌ను 1971లో స్థాపించి, 1982లో రైతులను జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) కిందికి చేర్చి, గుడ్డు ధరను దళారి చేతిలోంచి రైతు చేతికి తెచ్చిన బండా వాసుదేవరావు గారి పేరు తలవకుండా ఈ పరిశ్రమ గురించి మాట్లాడలేం. అలాంటి పరిశ్రమకు 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో గట్టి దెబ్బ తగిలింది. తణుకు మండలం వేల్పూరులో, పెరవలి మండలం కానూరులో హెచ్5ఎన్1 తేలింది. చుట్టూ కిలోమీటరు మేర కోళ్లను చంపి పూడ్చారు. తర్వాతి నెలలో పల్నాడు జిల్లాలో ఒక పసిబిడ్డ ఇదే వైరస్‌తో చనిపోయింది.

కోళ్ల రైతులకు టీకాలు కొత్త కాదు. కొక్కెర తెగులుకు పిల్లల కంట్లో లసోటా చుక్కలు వేయడం, పాలపొడి కలిపిన నీళ్లలో మందు తాగించడం, పెట్టలు గుడ్లకు రాకముందే మెడ చర్మం కింద కిల్డ్ ఇంజెక్షన్ వేయడం వారికి రోజువారీ పనులే. మరి ఫ్లూకు మాత్రం చుక్కల మందు ఎందుకు లేదు? కారణం సూటిది. లసోటాలో ఉన్నది బతికున్న బలహీనమైన వైరస్. అది కంట్లో, గొంతులో కొద్దిగా పెరిగి ఒంటికి పాఠం నేర్పుతుంది. ఫ్లూ వైరస్‌ను అలా బతికించి వదలడం ప్రమాదం. దాని జన్యుపదార్థం ఎనిమిది ముక్కలుగా ఉంటుంది, మరో ఫ్లూ వైరస్ ఎదురైతే ముక్కలు మార్చుకుంటుంది. పైగా హెచ్5, హెచ్7 రకాల్లో ఇవాళ సాధుగా ఉన్న వైరస్ కొన్ని వారాల్లోనే షెడ్డును ఊడ్చిపెట్టే రకంగా మారిన సందర్భాలు చాలానే ఉన్నాయి. కాబట్టి కోళ్లకు మిగిలిన దారులు ఇవి: చంపిన వైరస్, దాని ప్రొటీన్ ఒక్కటే, లేదా ఆ ప్రొటీన్ జన్యువును మోసే మరో సాధనం. చంపిన వైరస్‌ను ఒంటరిగా ఎక్కిస్తే కోడి ఒళ్లు దాన్ని అంతగా పట్టించుకోదు. నూనె అవసరం పడేది ఇక్కడే.

ఈ తోడు మందును అడ్జువెంట్ అంటారు. దీని చరిత్ర కాస్త తమాషాగా ఉంటుంది. పారిస్ దగ్గరి పాశ్చర్ సంస్థ గుర్రపుశాలలో గాస్తోం రామోం కంఠసర్పి విషానికి విరుగుడు తయారు చేసేవాడు. సూది గుచ్చినచోట గడ్డ కట్టిన గుర్రాల రక్తంలో యాంటీబాడీలు ఎక్కువగా ఉండటం ఆయన కంటపడింది. సరే, గడ్డ మనమే కట్టిద్దామని 1925 ప్రాంతంలో టాపియోకా పిండి లాంటి వంటింటి సరుకులు కూడా కలిపి చూశాడు, పని చేసింది. మరుసటేడు లండన్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ పటికతో అదే సాధించాడు. 1930ల చివర్లో జూల్స్ ఫ్రాయిండ్ పారఫిన్ నూనెలో చంపిన క్షయ సూక్ష్మజీవులను కలిపి, అంతకుముందు ఎవరూ చూడనంత ఘాటు స్పందన తెప్పించాడు. ఘాటు మరీ ఎక్కువై దాన్ని మనుషులకు వాడే ప్రసక్తే లేకుండా పోయింది. క్షయ క్రిములు లేని ఉత్త మినరల్ నూనెతో చేసిన ఫ్లూ టీకాను 1950ల్లో అమెరికా సైనికులకు వేసి చూశారు. ఆ పరీక్షలు నడిపింది పోలియో టీకాతో తర్వాత పేరు పొందిన జోనాస్ సాక్. యాంటీబాడీలు బాగానే వచ్చాయి, కొందరి భుజాలకు గడ్డలూ వచ్చాయి. మనుషుల ఫ్లూ టీకాలు అక్కడితో మినరల్ నూనెకు దూరమయ్యాయి. మనిషి భరించలేనిది కోడి భరిస్తుందని కాదు. కోడి భుజం నొప్పి గురించి ఫిర్యాదు చేయదు, అంతే. 1970ల చివర నుంచి అమెరికాలోని ఏథెన్స్ పౌల్ట్రీ పరిశోధనశాలలో హెన్రీ స్టోన్ వంటివారు కొక్కెర తెగులుకు, ఆ తర్వాత ఫ్లూకు నూనె టీకాల తయారీని ఒక పద్ధతిలో పెట్టారు.

అడ్జువెంట్లు ఎందుకు పని చేస్తాయో చాలాకాలం ఎవరికీ సరిగా తెలియదు. చార్ల్స్ జేన్‌వే 1989లో దీన్ని ఇమ్యునాలజిస్టులు దాచుకున్న మురికి రహస్యమని వెక్కిరించాడు. పాత వివరణ తేలిక: నూనె వైరస్‌ను పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతుంది, ఒళ్లు వారాల తరబడి దానితో పోరాడుతూనే ఉంటుంది. ఇందులో నిజం ఉంది, అయితే అంతా అదే కాదు. పటిక టీకా వేసిన ఎలుకల్లో సూది గుచ్చినచోట ఏర్పడిన ముద్దను రెండు గంటల్లో కోసి తీసేసినా యాంటీబాడీలు తగ్గలేదని 2012లో ఒక బృందం చూపించింది. మొదటి గంటల్లో అక్కడ జరిగే అలజడి, అంటే కణాలు దెబ్బతిని ‘ఇక్కడేదో జరిగింది’ అని రసాయన సంకేతాలు పంపడం, తెల్లరక్తకణాలు అక్కడికి పరుగెత్తడం, నిల్వ ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. నూనె టీకా ఈ రెండు పనులూ చేస్తుంది. నూనెలో నీటిబొట్లు ఉండే కూర్పు నెమ్మదిగా మొదలై నెలల తరబడి నిలుస్తుంది. నీళ్లలో నూనెబొట్లు ఉండేలా తిరగేస్తే స్పందన తొందరగా వస్తుంది, తొందరగానే దిగిపోతుంది. ఏడాదికి పైగా గుడ్లు పెట్టే లేయర్ పెట్టకు మొదటిదే నప్పుతుంది.

కోడి శరీర నిర్మాణం ఈ కథను మనిషి కథ నుంచి వేరు చేస్తుంది. మనకు చంకల్లో, గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథుల్లాంటివి కోడికి లేవు. దాని సైన్యం ప్లీహంలో, పేగు గోడల్లో, కనుగుడ్డు వెనకున్న హార్డర్ గ్రంథిలో ఉంటుంది. కంట్లో వేసిన చుక్కకు అంత విలువ రావడానికి ఈ గ్రంథే కారణం. యాంటీబాడీలు తయారు చేసే కణాలకు బడి మాత్రం మలద్వారం పైనున్న చిన్న సంచి. పదహారో శతాబ్దపు ఇటలీ వైద్యుడు ఫాబ్రీసియస్ పేరు మీద దాన్ని ఫాబ్రీసియస్ బర్సా అంటారు. అది దేనికోసమో మూడు వందల ఏళ్లకు పైగా ఎవరికీ తెలియదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బ్రూస్ గ్లిక్ ప్రయోగాల కోసం ఆ సంచి తీసేసిన కోళ్లు కొన్ని ఉండేవి. అతని సహచరుడు తిమోతీ చాంగ్ తరగతిలో యాంటీబాడీలు చూపించడానికి వాటినే వాడితే, ఎంతకీ యాంటీబాడీలు రాలేదు. ఆ పరిశోధనా పత్రాన్ని ‘సైన్స్’ పత్రిక తిరగ్గొట్టింది. 1956లో ‘పౌల్ట్రీ సైన్స్’ అచ్చేసింది. మనుషుల వైద్యశాస్త్రం ఇవాళ బి కణాలు అంటున్నది ఈ బర్సా మొదటి అక్షరంతోనే. షెడ్డు రైతుకు దీని అర్థం ఇంకా దగ్గరగా తెలుసు. గంబోరో వైరస్ పిల్లల్లో ఈ సంచినే తినేస్తుంది. గంబోరో సోకిన బ్యాచ్‌కు ఎంత ఖరీదైన ఫ్లూ టీకా వేసినా టైటర్ పైకి లేవదు. ‘టీకా పనిచేయలేదు’ అన్న ఫిర్యాదుల్లో సీసా తప్పు ఎంత, గంబోరో తప్పు ఎంత అన్నది విడదీసి చూడటం చాలాచోట్ల జరగదు.

టైటర్ అంటే ఏమిటో కాస్త నిలిచి చూడాలి, ఎందుకంటే కూర్పు గొడవంతా చివరికి ఆ అంకె దగ్గరే తేలుతుంది. ఫ్లూ వైరస్ పైనున్న హెచ్ ప్రొటీన్ కోడి ఎర్రరక్తకణాలను అల్లుకుని వలలా చేస్తుందని 1941లో జార్జ్ హర్స్ట్ గమనించాడు. రక్తంలో యాంటీబాడీలు ఉంటే ఆ అల్లిక జరగదు. సీరమ్‌ను రెట్టింపులుగా పల్చన చేసుకుంటూ పోయి, ఎంత పల్చన చేసినా అల్లికను ఆపగలుగుతోందో చూడటమే హెచ్‌ఐ పరీక్ష. ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రమాణ గ్రంథం ఇక్కడ రెండు వేర్వేరు గీతలు గీసింది. చావు నుంచి కాపాడాలంటే షెడ్డులోని పక్షుల టైటర్ కనీసం 32 ఉండాలి. వైరస్ ఒంట్లో పెరగడం, బయటికి పోవడం తగ్గాలంటే 128 దాటాలి. ఒక గీత నుంచి మరో గీతకు రెండు రెట్టింపుల దూరం.

ఈ రెండు గీతల మధ్య ఉన్న షెడ్డే అన్నిటికంటే ప్రమాదకరమైనదని కొందరు శాస్త్రవేత్తల భయం, అది కొట్టిపారేయాల్సిన భయం కాదు. 32 దాటి 128 చేరని కోడి చావదు, మూలకు ఒదగదు, మేత మానదు. రైతుకు అనుమానమే రాదు. వైరస్ మాత్రం దాని ముక్కులోంచి, రెట్టలోంచి పోతూనే ఉంటుంది. పల్చటి యాంటీజెన్, నాసి ఎమల్షన్ (నూనె-నీటి మిశ్రమం), ఒక్క డోసుతో సరిపెట్టుకోవడం, ఇవన్నీ పక్షులను తీసుకెళ్లి సరిగ్గా ఆ మధ్య ప్రాంతంలో వదులుతాయి. కాబట్టి ‘టీకా వేస్తే వైరస్ దాక్కుంటుంది’ అనే వాదన, ‘టీకా వేస్తే కోళ్లు బతుకుతాయి’ అనే వాదన, రెండూ నిజమే కావచ్చు; ఏ సీసా గురించి అన్నదే తేడా.

ఇది ఊహ కాదు, మెక్సికో అనుభవం. 1994 చివర్లో అక్కడి హెచ్5ఎన్2 సాధు వైరస్ ప్రాణాంతకంగా మారింది. 1995 జనవరి నుంచి నూనెలో కలిపిన కిల్డ్ టీకా వేశారు. ప్రాణాంతక రకం ఆ ఏడాది మధ్యకల్లా మాయమైంది. సాధు రకం మాత్రం దేశంలో తిరుగుతూనే ఉంది. అదే 1994 నాటి వైరస్‌తో చేసిన టీకాను ఏళ్ల తరబడి వేస్తూ పోయారు. 2004లో చాంగ్‌వన్ లీ, డేవిడ్ సువారెజ్ బృందం లెక్క తీసి చూపింది: బయటి వైరస్ టీకా వైరస్ నుంచి దూరంగా జరిగిపోయింది, టీకా వేసిన కోళ్లు కొత్త వైరస్‌ను విసర్జించడం పెద్దగా తగ్గలేదు. పాత టీకా ఇంకా కోళ్లను కొంత కాపాడుతూనే ఉంది కనుక మార్చాలన్న తొందర ఎవరికీ కలగలేదు.

రెండో వైపు నెదర్లాండ్స్ ఉంది. 2003లో హెచ్7ఎన్7 వల్ల ఆ చిన్న దేశం 3 కోట్లకు పైగా పక్షులను చంపుకుంది. 89 మందికి వైరస్ సోకింది, ఒక పశువైద్యుడు చనిపోయారు. ఆ తర్వాత అక్కడి పరిశోధకులు టీకా వేసిన కోళ్లను, వైరస్ ఎక్కించిన కోళ్లను ఒకే గదిలో ఉంచి అంటు ఎలా నడుస్తుందో కొలిచారు. టీకా వేసి రెండు వారాలు గడిచిన గుంపుల్లో అంటు పూర్తిగా ఆగిపోయింది. ఒక్క వారమే అయిన గుంపుల్లో ఆ నమ్మకం లేదు. 2005లో అచ్చయిన ఈ పని టీకా అంటు వ్యాప్తిని ఆపగలదని రుజువు చేసింది, దానికి సమయం ఎంత కీలకమో కూడా చూపింది. రోగం పక్క ఊరికి వచ్చాక నెమ్మదిగా మొదలయ్యే నూనె టీకా కోసం పరుగెత్తడం వల్ల లాభం లేకపోవడానికి కారణం ఇదే.

పిల్లల విషయానికి వస్తే కథ మలుపు తిరుగుతుంది. టీకా వేసిన తల్లి తన యాంటీబాడీలను గుడ్డు పచ్చసొన ద్వారా పిల్లకు ఇస్తుంది. మొదటి రెండు మూడు వారాలు అవి పిల్లకు రక్షణ, మనం వేసే టీకాకు అడ్డంకి. ఈజిప్టులో 2006లో హెచ్5ఎన్1 రాగానే టీకాలు మొదలుపెట్టారు. రెండేళ్లు తిరిగేసరికి వైరస్ ఆ దేశంలో స్థిరపడింది. పెరటి కోళ్లకు టీకా అందకపోవడం, వైరస్ మారిపోవడం, తల్లి యాంటీబాడీలు పిల్లల్లో టీకాను మింగేయడం, అన్నీ కలిసి చేసిన పని అది. నూనె పరిమాణం పెంచితే ఈ చివరి సమస్య తీరదు, దారే మార్చాలి.

ఆ దారి టర్కీ కోళ్ల హెర్పిస్ వైరస్ రూపంలో దొరికింది. మారెక్స్ జబ్బుకు 1970ల నుంచి ఒకరోజు పిల్లలకు హేచరీలోనే వేస్తున్న హెచ్‌వీటీ ఇదే. దీని జన్యువుల్లో ఫ్లూ హెచ్5 జన్యువును చొప్పించారు. హెచ్‌వీటీ ఒక కణంలోంచి పక్క కణంలోకి పాకుతుంది తప్ప రక్తంలో బాహాటంగా తిరగదు, కాబట్టి తల్లి యాంటీబాడీల కంట అంతగా పడదు. పద్దెనిమిదో రోజు గుడ్డులోనైనా ఎక్కించవచ్చు. పక్షి బతికినంతకాలం ఒంట్లో ఉండి, హెచ్5ను కణాల లోపలే తయారు చేయిస్తూ ఉంటుంది. అందువల్ల యాంటీబాడీలతో పాటు రోగం సోకిన కణాలను చంపే టి కణాలూ మేలుకుంటాయి. కిల్డ్ టీకా ఈ రెండో పని సరిగా చేయలేదు. ఈజిప్టు 2012లో దీనికి అనుమతి ఇచ్చింది. చిక్కు మరోచోట ఉంది. హెచ్‌వీటీని బతికున్న కణాలతో సహా ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల దగ్గర దాచాలి. పెద్ద హేచరీకి అదేమంత పని కాదు, పెరట్లో పది కోళ్లు పెంచుకునే ఇంటికి అందని సంగతి.

ఇంతకుముందే కోళ్ల మశూచి వైరస్ మీద హెచ్5ను ఎక్కించిన టీకా ఒకటి మెక్సికోలో 1998 నుంచి వాడుకలో ఉంది. అప్పటికే మశూచి టీకా పడిన కోడికి దాన్ని వేస్తే ఒళ్లు మోసుకొచ్చినవాణ్ని గుర్తుపట్టి గుమ్మంలోనే తరిమేస్తుందని డేవిడ్ స్వేన్ బృందం 2000లో తేల్చింది. కాబట్టి మోసే వాహనాన్ని ఎంచుకునేటప్పుడు ఆ పక్షికి అంతకుముందు ఏ టీకాలు పడ్డాయో చూడాలి.

సైన్సు ఎంత చెప్పినా కొన్నిసార్లు కబేళా తేదీ దాన్ని పక్కకు నెడుతుంది. అమెరికాలో మినరల్ నూనె టీకా వేసిన పక్షిని 42 రోజులు గడిచేదాకా మాంసానికి కోయకూడదు. నూనె కండలో మిగిలిపోతుంది. బ్రాయిలర్ ఆయుష్షే దాదాపు అంత. అంటే నూనె టీకా ఎంత గొప్పదైనా బ్రాయిలర్‌కు అది దాదాపు లేనట్టే లెక్క. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో షరతులతో అనుమతి పొందిన జోయెటిస్ కంపెనీ హెచ్5ఎన్2 కిల్డ్ టీకా చూపు గుడ్ల కోళ్ల మీదే ఎక్కువగా నిలవడానికి ఇదొక కారణం. ఇక టీకా వేసే చేతుల సంగతి. సూది జారి నూనె టీకా మనిషి వేలిలోకి దిగితే అది చిన్న గాయం కాదు. నూనె కండర పొరల వెంట పాకి రక్తప్రసారాన్ని ఆపుతుంది, వేలు పోగొట్టుకున్నవారున్నారు. తక్షణం ఆస్పత్రికి వెళ్లి, లోపల నూనె ఉందని డాక్టరుకు చెప్పి తీరాలి. సీసాల మీద ఈ హెచ్చరిక ఉంటుంది, అది సన్న అక్షరాల ఇంగ్లీషులో ఉంటుంది. గంటకు వందల పెట్టలకు సూది వేసే కూలీలకు ఆ కాగితం చదివి వినిపించే ఏర్పాటు కూడా టీకా కార్యక్రమంలో భాగమే కావాలి.

బాతు దగ్గరికి వచ్చేసరికి లెక్క మళ్లీ మారుతుంది. ఫ్లూ వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణం లోపలే పసిగట్టే రిగ్-ఐ అనే ప్రొటీన్ బాతుకు ఉంది, కోడికి లేదు. కెనడాలో కేథరిన్ మేగర్ బృందం 2010లో ఈ సంగతి కనిపెట్టింది. చాలా ఫ్లూ వైరస్‌లను బాతు జలుబు కూడా లేకుండా మోయగలగడానికి, అదే వైరస్‌తో కోడి రెండు రోజుల్లో చచ్చిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దీనర్థం, రోగం బయటపడకుండా వైరస్‌ను చల్లే పక్షి ఏదైనా ఉంటే అది బాతే. ఫ్రాన్స్ దాన్నే లక్ష్యం చేసుకుంది. 2023 అక్టోబరు నుంచి 250కి మించి బాతులున్న ఫారాలన్నిటికీ టీకాను తప్పనిసరి చేసింది. వాడిన టీకాలు రెండూ రెండు తరాలవి. ఒకటి పురుగు కణాల్లో హెచ్5 ప్రొటీన్‌ను పెంచి నూనెలో కలిపినది. రెండోది కణంలోకి వెళ్లి తన ప్రతులను తానే తీసుకునే ఆర్‌ఎన్‌ఏ టీకా. 2021-22 సీజనులో 1,300కు పైగా ఫారాల్లో రోగం చూసిన ఆ దేశంలో, 2023-24లో తేలినవి పది. ఆ ఏడాది యూరప్ అంతటా వైరస్ ఉధృతి కొంత తగ్గిన మాటా నిజమే, అయినా అంత పెద్ద పతనాన్ని టీకా పాత్ర లేకుండా వివరించడం కష్టం. బదులుగా దొరికినది అమెరికా నుంచి దిగుమతి ఆంక్షలు: టీకా వేసిన దేశంలో వైరస్ కనపడకుండా ఉందేమోనన్న అనుమానం.

ఆ అనుమానానికి చైనా ఇచ్చిన సమాధానం వేరు. హార్బిన్ పశువైద్య సంస్థలో చెన్ హువాలాన్ బృందం 2004 నుంచి టీకా వైరస్‌ను ల్యాబులో జన్యువుల స్థాయిలో కూర్చుతోంది. ప్రాణాంతకంగా మార్చే భాగాన్ని తీసేసి, గుడ్లలో బాగా పెరిగే వైరస్ మీద కావలసిన హెచ్, ఎన్ ప్రొటీన్ల జన్యువులను అమర్చడం దాని పద్ధతి. బయటి వైరస్ మారినప్పుడల్లా ఆర్‌ఈ-1 అనే టీకాతో మొదలైన వరస ముందుకు సాగుతూనే వచ్చింది. 2013లో మనుషులకు సోకడం మొదలైన హెచ్7ఎన్9 అయిదు విడతల్లో 1,500 మందికి పైగా సోకింది. 2017లో హెచ్5, హెచ్7 రెండూ ఉన్న నూనె టీకాను దేశమంతటా కోళ్లకు వేశారు. మరుసటి చలికాలంలో మనుషుల కేసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయాయి. కోళ్ల టీకా మనుషుల ఆస్పత్రులను ఖాళీ చేసిన స్పష్టమైన ఉదాహరణ ఇదే.

నూనె చేయలేని పని ఒకటి మిగిలింది. ఫ్లూ వచ్చేది ముక్కు, గొంతు దారిన. మెడలో పొడిచిన టీకా రక్తాన్ని యాంటీబాడీలతో నింపుతుంది కానీ ముక్కు పొర మీద కాపలా పెట్టేది తక్కువ. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో షాయన్ షరీఫ్ బృందం దీని మీద ఏళ్లుగా పని చేస్తోంది. బాక్టీరియా డీఎన్‌ఏను పోలిన సీపీజీ అనే చిన్న ముక్కలను కోడి కణాలు టీఎల్‌ఆర్21 అనే గ్రాహకంతో గుర్తుపడతాయి. క్షీరదాల్లో ఈ పని చేసే టీఎల్‌ఆర్9 కోడికి లేదు. ఆ ముక్కలను ఒంట్లో కరిగిపోయే పాలిమర్ నలుసుల్లో పొదిగి, చంపిన హెచ్9ఎన్2తో పాటు ఇచ్చి చూస్తున్నారు. ఎలుకలో గెలిచిన అడ్జువెంట్ కోడిలో ఓడిపోవడం మామూలే. కోడికి కావలసినదాన్ని కోడిలోనే వెతకాలి.

ఇక భారతదేశం. 2006 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని నవాపూర్‌లో హెచ్5ఎన్1 మొదటిసారి బయటపడినప్పటి నుంచి దేశ విధానం ఒకటే: కనుగొనడం, చంపడం, పరిహారం ఇవ్వడం. హెచ్5 టీకాకు అనుమతి లేదు. హెచ్9ఎన్2 సంగతి వేరు. అది కోళ్లను పెద్దగా చంపదు, గుడ్లను దించేస్తుంది, మరో బాక్టీరియా తోడైతే నష్టం పెంచుతుంది. పైగా 1997 హాంకాంగ్ హెచ్5ఎన్1కూ, చైనా హెచ్7ఎన్9కూ లోపలి జన్యువులు అరువిచ్చింది ఈ కుటుంబమే. భోపాల్‌లోని భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) హై సెక్యూరిటీ పశు వ్యాధుల సంస్థ దీనికి కిల్డ్ టీకా తయారు చేసి, 2022లో నాలుగు కంపెనీలకు పరిజ్ఞానం ఇచ్చింది. వాటిలో సికింద్రాబాద్‌కు చెందిన గ్లోబియన్ ఒకటి, వాసుదేవరావు గారు పెట్టిన వెంకటేశ్వర హేచరీస్ మరొకటి. 2025లో గోదావరి జిల్లాల దెబ్బ తర్వాత హెచ్5 టీకానూ పరిశీలించమని పరిశ్రమ ప్రతినిధులు కేంద్రాన్ని కోరారు.

ఆ పరిశీలన ఏ వైరస్ అన్న ప్రశ్నతో ఆగిపోతే సగం పనే అవుతుంది. ఒక డోసులో హెచ్ ప్రొటీన్ ఎన్ని మైక్రోగ్రాములు? ఎమల్షన్ మే నెల ఎండలో తణుకు దాకా ప్రయాణం చేశాక కూడా విడిపోకుండా ఉంటుందా? నూనె టీకాను ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే అది విడిపోతుంది, ఆ సీసా ఇక పారేయాల్సిందే. వేల్పూరు లాంటి చోట్ల షెడ్డు నుంచి తీసిన సీరమ్‌లో 128 దాటిన పక్షులెన్ని, 32 దగ్గర ఆగినవెన్ని? హాంకాంగ్ 2003 నుంచి టీకా వేసిన ప్రతి బ్యాచ్‌లో కొన్ని పిల్లలకు టీకా వేయకుండా కాపలాగా ఉంచుతోంది. గుంపులో వైరస్ దాగి ఉంటే ముందు చచ్చేది అవే. ఇటలీ 2000లో ఇంకో ఉపాయం పన్నింది. బయట తిరుగుతున్నది హెచ్7ఎన్1 అయితే టీకాకు హెచ్7ఎన్3 వాడింది. టీకా కోడి రక్తంలో ఎన్3 యాంటీబాడీలే ఉంటాయి, ఎన్1 యాంటీబాడీ కనిపిస్తే అసలు వైరస్ వచ్చిపోయినట్టు.

టీకా యాంటీబాడీలను అసలు రోగం యాంటీబాడీల నుంచి విడదీసే ఈ చిక్కు భారత ప్రయోగశాలలకు హెచ్9ఎన్2తోనే ఎదురవుతుంది. మొత్తం వైరస్‌ను చంపి చేసిన టీకాలో హెచ్ ప్రొటీన్ ఒక్కటే కాదు, ఫ్లూ-ఎ వైరస్‌లన్నిటిలో దాదాపు ఒకేలా ఉండే న్యూక్లియోప్రొటీన్ కూడా ఉంటుంది. ఆ టీకా పడిన లేయర్ షెడ్లలో ఫ్లూ-ఎ ఎలైజా పరీక్ష చేస్తే ప్రతి పెట్టా పాజిటివ్ అనే చూపుతుంది. అందువల్ల ఆ షెడ్లలో హెచ్5 కోసం గాలించాలంటే ఎలైజా పనికిరాదు. హెచ్5 యాంటీజెన్‌తోనే హెచ్‌ఐ చేయాలి, లేదా గొంతు, మలద్వారం స్వాబుల మీద హెచ్5 పీసీఆర్ నడపాలి. జిల్లా ల్యాబుల కిట్ల కొనుగోలు పట్టికలో ఈ రెండూ ఉండాలి, ఏ షెడ్డుకు హెచ్9 టీకా ఏ తేదీన పడిందో చెప్పే రిజిస్టరు శాంపిల్‌తో పాటే ల్యాబుకు చేరాలి.